4కె మానిటర్ అడుగుతున్నారా? ముందు ఈ లెక్క చూడండి



పోయిన నెల పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక నలుగురైదుగురు ఒకే ప్రశ్న వేశారు. "మేడం, మావాడు గేములు ఆడుకోవడానికి 4కె మానిటర్ కొనిపెట్టమని ప్రాణం తీస్తున్నాడు. కొనమంటారా, వద్దంటారా?" ఇంగ్లీషు చెప్పే నన్ను అడుగుతారేంటి, కంప్యూటర్ సార్‌ని అడగండి అన్నాను. "బాక్సు మీద ఉన్నదంతా ఇంగ్లీషే కదా మేడం" అన్నారు ఒక నాన్నగారు.

నవ్వొచ్చింది గానీ, ఆయన మాటలో అసలు విషయం ఉంది. మాది గంపలగూడెం మండలం వినగడప. మా ఊళ్లో మిర్చి విత్తనాల ప్యాకెట్టు కొనేవాళ్లు లాట్ నంబరు, గడువు తేదీ చూసి, నలుగురిని అడిగి, బిల్లు ఇస్తేనే డబ్బు తీస్తారు. అదే మనిషి విజయవాడ వెళ్లి కంప్యూటర్ షాపులో నిలబడితే, పద్నాలుగేళ్ల కొడుకు వేలు పెట్టి చూపించినదానికి డబ్బు కట్టి వస్తాడు. కారణం ఒక్కటే, ఆ లెక్కలు మనకు తెలియవనే భయం. తెలియనివేమీ కావు, గుణకారం వస్తే చాలు. లెక్క చూశాక, గేముల కోసం 4కె అక్కర్లేదని మీకే అనిపిస్తుందని నా నమ్మకం.

ముందుగా ఒక మాట. మానిటర్ అంటే కంప్యూటర్ కాదు, తెర మాత్రమే. ఇది కూడా చెప్పాలా అనుకోకండి, మానిటర్ కొంటే గేములు అందులోనే ఉంటాయనుకున్న అమ్మానాన్నలను నేను చూశాను. మీ పిల్లలు ఇప్పుడు ఆడుతున్నవి ఫోన్‌లో బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ లాంటివైతే, మానిటర్ ఒక్కటే కొన్నందువల్ల ఏమీ మారదు. దాని వెనక గేమింగ్ కంప్యూటర్, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్, మన కరెంటుకు తప్పనిసరిగా యూపీఎస్, అన్నీ వరుసలో నిలబడి ఉంటాయి. ఆ మొత్తం ఎంతవుతుందో పిల్లల చేతే కాగితం మీద రాయించండి. కొన్ని ఇళ్లలో చర్చ అక్కడే అయిపోతుంది.

కంప్యూటర్ ఇప్పటికే ఉన్నవాళ్ల కోసం మిగతాది.

తెర మీద కనిపించే బొమ్మంతా చిన్న చిన్న చుక్కలు. వాటినే పిక్సెల్స్ అంటారు. ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 ఉంటాయి. గుణిస్తే సుమారు 20 లక్షల 73 వేలు. దాని పైది క్యూహెచ్‌డీ, షాపుల్లో 1440పి అనీ 2కె అనీ కూడా అంటారు: 2560 × 1440, దాదాపు 37 లక్షలు. 4కె అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షలు. ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. "నాలుగు రెట్లు క్లారిటీ నాన్నా" అని మీ అబ్బాయి అనేది ఈ లెక్క చూసే. చుక్కలు నాలుగింతలన్న మాట నిజమే. మరి ఆ చుక్కలన్నిటికీ రంగు వేసేదెవరు?

గ్రాఫిక్స్ కార్డు. సినిమాలో బొమ్మ ముందే తీసిపెట్టి ఉంటుంది, తెర దాన్ని చూపిస్తే చాలు. గేములో అలా కాదు. పిల్లవాడు మౌస్ ఎటు కదిపితే అటు కనిపించాల్సిన దృశ్యాన్ని అప్పటికప్పుడు గీయాలి. సెకనుకు 60 సార్లు గీయాలంటే 4కె మీద సెకనుకు దాదాపు 50 కోట్ల చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో అయితే పన్నెండున్నర కోట్లు. బోరులో రెండించుల నీళ్లు పడినప్పుడు నాలుగించుల పైపు వేస్తే నీళ్లు పెరుగుతాయా? పైపు పెద్దది, ధార పలచన. మామూలు కార్డు ఉన్న కంప్యూటర్‌కు 4కె తెర తగిలించడం అలాంటిదే. ఎన్‌విడియా కంపెనీ 2023లో ఆర్‌టీఎక్స్ 4060 కార్డును విడుదల చేసినప్పుడు, అది ఫుల్ హెచ్‌డీ ఆటలకు తగినదని తనే చెప్పుకుంది. అలాంటి కార్డుతో పెద్ద గేములను 4కెలో ఆడబోతే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. రెండు నెలలకు "కార్డు మార్చాలి నాన్నా" అన్న మాట వస్తుంది. 4కెను సాఫీగా నడిపే కార్డులు మామూలుగా యాభై వేలు దాటే ఉంటాయి. అంటే మీరు కొంటున్నది మానిటర్ ఒక్కటే కాదు, రాబోయే ఇంకో ఖర్చును కూడా.

ఇక్కడ మీ పిల్లలు ఒక మాట అడ్డం వేస్తారు. "డీఎల్ఎస్ఎస్ ఉంది కదా!" అని. ఆ పేరు మీ నోట ముందే వస్తే వాళ్ల మొహం చూడాలి. కార్డు తక్కువ చుక్కలతో బొమ్మ గీసి, మిగతా చుక్కలను అంచనాతో నింపే పద్ధతి అది. బాగానే పనిచేస్తుంది, కాదనను. కానీ 4కె తెర మీద పర్ఫార్మెన్స్ మోడ్ పెడితే కార్డు అసలు గీసేది ఫుల్ హెచ్‌డీ బొమ్మే. ఫుల్ హెచ్‌డీ గీసుకోవడానికి 4కె డబ్బు కట్టడం ఎందుకని అడగండి. దానికి మంచి జవాబు చెబితే ఒప్పుకోండి, ఆ మాత్రం కష్టపడి చదివినందుకైనా.

అసలు ఆటకు పనికొచ్చే అంకె బాక్సు మీద ఇంకోచోట ఉంటుంది. హెర్ట్జ్ అని రాసి ఉంటుంది చూడండి, దాన్ని రిఫ్రెష్ రేటు అంటారు. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో చెప్పే అంకె అది. 60 హెర్ట్జ్ తెర మీద ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య సుమారు 17 మిల్లీసెకన్లు, 144 హెర్ట్జ్ మీద 7. వేగంగా పరుగెత్తే ఆటలో ఈ తేడా కంటికీ చేతికీ తెలుస్తుంది. కౌంటర్-స్ట్రైక్, వాలరెంట్ పెద్ద టోర్నమెంట్లలో బహుమతి డబ్బు కోసం ఆడేవాళ్ల ముందు ఉండేవి 24, 25 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలు, 240 హెర్ట్జ్, ఆ పైన. 4కె కొనుక్కునే స్తోమత లేక కాదు, ఆటకు కావాల్సింది అది కాదు గనక. "నేను ఈ-స్పోర్ట్స్‌లోకి వెళ్తా" అనే పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పండి.

మరి ఎక్కువ రిజల్యూషన్ దేనికి? నా లెక్కలో అది ఆట కంటే చదువుకే ఎక్కువ ఉపయోగం. కావాలంటే ఒక తెలుగు పేజీ తెరిచి చూడండి. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద అంగుళానికి 82 చుక్కలే పడతాయి. మన వత్తులు, గుణింతాలు, సంయుక్తాక్షరాలు అలుక్కుపోయినట్టుంటాయి. అదే సైజులో క్యూహెచ్‌డీ అయితే అంగుళానికి 109, 4కె అయితే 163. ఇంగ్లీషు అక్షరం ఎలాగో నెట్టుకొస్తుంది గానీ "లక్ష్మి"లో మకారం నెట్టుకురాదు. పాఠం పీడీఎఫ్, మ్యాథ్స్ సూత్రాలు, మ్యాపులు రోజూ చూసేది ఆ తెర మీదే అయితే నిండైన అక్షరం కోసం కొంచెం ఎక్కువ పెట్టడంలో తప్పు లేదు. కట్టలేరు పొంగి రోడ్డు మీదికి నీళ్లొస్తే మా ఊరికి బస్సు రాదు. అలాంటి రోజుల్లో ఫోన్‌లో పాఠం చూసే పిల్లల అవస్థ నాకు తెలుసు.

ఇవన్నీ కలిపి చూస్తే నేను మొగ్గేది 27 అంగుళాల క్యూహెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్, 144 హెర్ట్జ్ లేదా ఆ పైన ఉన్న తెరకు. షాపును బట్టి, బ్రాండును బట్టి పదిహేను వేల నుంచి పాతిక వేల లోపు దొరుకుతాయి. ఆ బడ్జెట్ లేకపోతే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, అదే హెర్ట్జ్‌లో, ఇంకా తక్కువకు వస్తుంది. ఆటకు ఏ లోటూ ఉండదు. తీసుకోవద్దనేది మాత్రం 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ: తెర పెద్దది, చుక్కలు పాతవే. ఇంట్లో పెద్ద పిల్లలు వీడియో ఎడిటింగో డిజైనో చేస్తూ, కంప్యూటర్ కూడా దానికి తగినదే అయితే 4కె కొనండి, నాకేం అభ్యంతరం లేదు. కొనేటప్పుడు కేబుల్ సంగతి కూడా చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ 2.0 పోర్టులో 4కె 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. 120 కావాలంటే కంప్యూటర్ వైపూ మానిటర్ వైపూ 2.1 ఉండాలి, లేదా డిస్‌ప్లేపోర్ట్ వాడాలి.

అడిగేది ప్లేస్టేషన్ 5 కోసమైతే, హాల్లో ఉన్న 4కె టీవీ చాలు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి, చేతికీ తెరకూ మధ్య ఆలస్యం తగ్గుతుంది. సీరియల్ టైముకు గొడవ అవుతుందంటారా, అది నేను తీర్చలేను.

షాపులో "జీఎస్టీ తగ్గింది సార్, ఇప్పుడే తీసుకోండి" అంటే తొందరపడకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం పోయి 18 శాతమైంది 32 అంగుళాలు దాటిన వాటికి. 24, 27 అంగుళాల మానిటర్లకు అంతకుముందూ 18 శాతమే.

డబ్బు తీసే ముందు ఇంకో పని ఉంది. మీ పిల్లల కళ్లు ఒకసారి పరీక్ష చేయించండి. క్లాసులో వెనక బెంచీ నుంచి బోర్డు చూసేటప్పుడు కళ్లు చికిలించే పిల్లలు ప్రతి సెక్షన్‌లో నాకు కనిపిస్తారు. చూపు సరిగా లేని కంటికి 20 లక్షల చుక్కలూ 83 లక్షల చుక్కలూ ఒక్కలాగే మసకగా ఉంటాయి. కొన్ని వందల రూపాయల పరీక్షతో, అవసరమైతే ఒక కళ్లజోడుతో, ఇంట్లో ఉన్న పాత తెరే కొత్తగా కనిపించవచ్చు. ఏ తెరైనా కంటికి రెండడుగుల దూరంలో, పై అంచు కంటి ఎత్తును మించకుండా ఉండాలి.

తెరను పడగ్గదిలో పెట్టకండి. హాల్లో పెట్టండి, వీపు కాకుండా తెర మీకు కనిపించేలా. పిల్లల మీద అనుమానంతో చెప్పడం లేదు. ఏ గేము ఆడుతున్నారో, అందులో డబ్బు అడుగుతోందో లేదో మీకు తెలియాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆపింది, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం విడిగా గుర్తించింది. కాబట్టి "గేములంటే జూదమే" అని పిల్లలను కొట్టిపారేయకండి, "గేమే కదా" అని వదిలేయనూ వద్దు.

ఇక ర్యాంకు సంగతి. "ఫస్ట్ ర్యాంకు తెచ్చుకో, 4కె కొనిపెడతా" అనే మాట దయచేసి అనకండి. సెక్షన్‌లో నలభై మంది ఉంటే ఫస్ట్ ర్యాంకు ఒక్కరికే వస్తుంది. రెండో ర్యాంకు తెచ్చుకున్న పిల్ల ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని ఏడుస్తుంటే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఏడాదంతా కష్టపడిన పాప అది. పైగా మాట ఇచ్చాక లెక్క చూసే వీలు మీకు ఉండదు. కార్డు చాలదని తెలిసినా, మామిడి కాపు డబ్బులు ఇంకా చేతికి రాకపోయినా, టర్మ్ ఫీజు పక్కన పెట్టైనా కొనాల్సి వస్తుంది. ఇంటికి అవసరమైతే ర్యాంకు రాకపోయినా కొనండి. అవసరం లేకపోతే ర్యాంకు వచ్చినా వద్దు.

దానికి బదులు ఒక పని చెప్పండి. ఏ మానిటర్ కావాలి, ఎందుకు కావాలి, మన కంప్యూటర్‌లో ఏ కార్డు ఉంది, అది ఎన్ని చుక్కలు నడపగలదు, మూడు మోడళ్లలో తేడా ఏమిటి, సర్వీస్ సెంటర్ విజయవాడలో ఉందా, డెడ్ పిక్సెల్ వస్తే ఎన్నింటి వరకు మార్చరు, ఇవన్నీ ఒక పేజీలో ఇంగ్లీషులో రాయమనండి. రాసింది తాతయ్యకో నాయనమ్మకో తెలుగులో చదివి వినిపించాలి. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే తనకూ అర్థం కానట్టే, ఇంకో వారం గడువివ్వండి.

ఆ కాగితాన్ని వచ్చే మీటింగ్‌కు తీసుకురండి. గ్రామర్ నేను దిద్దుతాను. అంకెలు మాత్రం మీరే దిద్దుకుని రావాలి.