సగము ధర సీమచుట్ట

వస్తువు మంచిదా కాదా యని విచారించుట మాని, ధర యెంత తగ్గించిరి యని విచారించుట నేటి పట్టణవాసులకు అలవాటైనది. బట్టలయందును, పాదరక్షలయందును ఈ యలవాటు కొంత డబ్బునకు మాత్రమే ముప్పు తెచ్చును. నోటబెట్టుకొను పదార్థముల విషయమున అది మరియొక తీరుగ పరిణమించును. బాచుపల్లిలో ఇటీవల సగము ధరకు అమ్మబడుచున్న విదేశపు చుట్టలను చూచిన పిమ్మట, ఈ విషయమై నాలుగు మాటలు వ్రాయుట ఆవశ్యకమని తోచినది.

బాచుపల్లి యనగా ఎరుగనివారు హైదరాబాదు పరిసరములలో ఇప్పుడు అరుదు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు కుత్బుల్లాపూరునుండి విడివడి ప్రత్యేక మండలమైన యీ గ్రామమున, ఒకనాటి చేలగట్లమీద నేడు మందుల కర్మాగారములు, ఇంజనీరింగు కళాశాలలు, ఆకసమునంటు మేడలు లేచియున్నవి. ఉదయమున హైటెక్ సిటీకి పోయి రాత్రి తిరిగివచ్చు యువకోద్యోగుల చేతిలో ధనమున్నది. దేశదేశముల వస్తువుల పేరులు వారి నాలుకపై నున్నవి. కనుక వానిని అమ్ము అంగళ్లును వెలసినవి. ఇందు తప్పుపట్టవలసినదేమియు లేదు. అట్టి యంగడి యొకదానిలో గాజుబీరువా వెనుక ‘సగము ధర’ యను చీటి తగిలించి యుంచిన చుట్టలపెట్టెను మేము పరీక్షార్థము కొంటిమి. రెండువేల రూపాయలని వ్రాసియున్న దానిని వేయి రూపాయలకిచ్చిరి. పెట్టెలో ఐదు చుట్టలు.

పెట్టెమీది పేరును మేమును చదువలేకపోతిమి, అమ్మినవారును చదువలేకపోయిరి. ఏ దేశపుదని యడుగగా ‘ఆ క్యూబా వైపుదే’ యని ప్రత్యుత్తరము వచ్చినది. వైపుదే యనగానేమో ఊహించుకొనుట కొనువాని వంతు! దిగుమతి చేసినవారి పేరుగాని, చిరునామాగాని, దేశముపేరుగాని, నెల సంవత్సరములుగాని దానిపై కానరాలేదు. చట్టప్రకారము ఉండవలసిన హెచ్చరిక బొమ్మయు లేదు. బంగారువన్నె ముద్రమాత్రము ఘనముగా నున్నది.

ఇక చుట్టసంగతి. వ్రేళ్లతో మెల్లగ నొక్కగానే పైఆకు పెళుసై చిట్లినది. ముట్టించినంతనే ఒక ప్రక్క గబగబ మండి, రెండవప్రక్క పచ్చిగ నిలిచిపోయినది. మొదట పీల్చుటకు బిగువై, తరువాత లోపలి యాకు నుసియై నోటికి రాసాగినది. మూడవవంతు కాలునప్పటికి చేదు మితిమీరగా దానిని ఆర్పివేసితిమి. న్యాయము చెప్పవలెనన్న రెండవ చుట్ట కొంత మేలు. సగముదాక నిలుకడగ కాలినది, వాసనయు తీయగా నున్నది. ఒకే పెట్టెలోని రెండు చుట్టలకు ఇంత భేదమున్నపుడు, వాటి యాకు ఒకే చేనిదనిగాని, ఒకే చేతిపని యనిగాని నమ్ముట యెట్లు? మిగిలిన మూటిని ముట్టించు సాహసము మాకు లేకపోయినది.

పొగాకు పండించిన రైతులకు ఇందలి రహస్యము చెప్పనక్కరలేదు. ఆకునకు పదును ప్రాణము. ఎండిన యాకును మిట్టమధ్యాహ్నమున తాకిన పొడియై రాలును. కనుకనే మంచుపదును ఆరకమునుపే తెల్లవారుజామున దానిని దింపి కట్టలు గట్టుదురు. చుట్టగా చుట్టిన పిమ్మటను ఆ నియమము మారదు. సీమచుట్టలను నిలువచేయువారు గాలిలో తేమ నూటికి అరువదియైదు మొదలు డెబ్బదివంతుల వరకు ఉండునట్లు దేవదారు చెక్కపెట్టెలలో భద్రపరతురు. మన దక్కను పీఠభూమి వేసవిగాలిలో అందు సగమైన లేని దినములు పెక్కులు. అట్టిచోట గాజుబీరువాలో నెలల తరబడి నిలిచిన చుట్ట, అది నిజముగ క్యూబాదే యైనను, గడ్డివంటిదగును.

సరుకు పాతబడుటచేత ధర తగ్గించుట వర్తకధర్మమునకు విరుద్ధము కాదు. పాతదని చెప్పి యమ్మిన ఎవరును ఆక్షేపింపరు. కాని హెచ్చరిక బొమ్మయు, దిగుమతిదారు పేరును లేని పెట్టె సగము ధరకు వచ్చినదన్న, ఆ తగ్గింపు వర్తకుని లాభమునుండి వచ్చినదని మేము నమ్మజాలము. పొగాకు పదార్థములను గూర్చిన 2003 నాటి చట్టము దిగుమతి సరుకునకును హెచ్చరిక తప్పనిసరి చేసినది. 2016 ఏప్రిలు 1నుండి ఆ హెచ్చరిక పెట్టెముఖమున నూటికి ఎనుబదియైదు వంతులు ఆక్రమింపవలెనని నియమమేర్పడినది. చట్టబద్ధముగ సుంకము చెల్లించి ఓడరేవున దిగిన పెట్టెకు ఆ ముద్ర తప్పదు. ముద్రలేని పెట్టె ఏ మార్గమున బాచుపల్లి చేరినదో పాఠకులు ఊహింపగలరు. అట్టిచో మనకు మిగిలినదనుకొను వేయి రూపాయలలో కొంత దేశపు బొక్కసమునుండి తీసినదే యగును. పైగా రెండువేలను వెల యెవరు నిర్ణయించిరి? తగ్గించుటకొరకే పెంచి వ్రాసిన ధరయు లోకములో లేకపోలేదు.

ఇదంతయు ఐదు చుట్టల మాట. ఇంతకంటె మమ్ము బాధించు విషయము వేరొకటి గలదు. పలుకరాని విదేశనామమునకు వేయి రూపాయలు చెల్లించు మన యువకులలో, ఒకప్పుడు లండనునగరమున పేరు మోసిన తెలుగు చుట్ట యొకటి యుండెనని ఎందరెరుగుదురు?

పొగాకు మనకు పుట్టుకతో వచ్చినది కాదు. అది అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి యోడలతో వచ్చి దక్కనున వ్యాపించినది. పదునేడవ శతాబ్దారంభమున అసద్ బేగు బిజాపురమునుండి కొనిపోయి అక్బరు పాదుషా కొలువున దానిని చూపెను, జహంగీరు 1617లో నిషేధించెను, నిషేధము నిలువలేదు. కాని వచ్చిన మొక్కను మన నేల తనదిగ చేసికొన్నది. గోదావరి వరద తగ్గిన పిమ్మట లంకలలో మిగులు ఒండ్రుమట్టిలో పెరిగి, ఆరి, నల్లనై, ఘాటెక్కిన యాకుతో చుట్టిన చుట్ట చెన్నపట్టణపు రాజధాని యంతటను ప్రశస్తి గాంచినది. ఆంగ్లేయులు హిందూదేశమున తాము నేర్చిన మాటలకు 1886లో ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ‘లంక’ యను మాటకు ప్రత్యేకస్థానమిచ్చి, గోదావరి లంకల యాకుతో చేసిన ఘాటైన చుట్ట యని యర్థము వ్రాసిరి. 1890లో కానన్ డాయిలు వ్రాసిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో, అపరాధపరిశోధకుడైన షెర్లాక్ హోమ్సు చుట్టబూడిదల భేదములు చెప్పు సందర్భమున ఈ లంకచుట్ట పేరెత్తును. తిరుచిరాపల్లి చుట్టయు అందు గలదు. చెరూట్ అను ఇంగ్లీషుమాటయే తమిళుల ‘సురుట్టు’నుండి పుట్టినది, మన చుట్ట దానికి సోదరి. బూడిద చూచి యూరు చెప్పగలిగినంతటి ప్రత్యేకత యొకప్పుడు ఆ యాకునకుండెను!

ఆ పేరు ఏమైనది? 1920వ దశకమున గుంటూరు ప్రాంతమున సిగరెట్టుకు పనికివచ్చు వర్జీనియా ఆకు ప్రవేశించినది. దానితో బ్యారనులు, ఎగుమతి వర్తకులు, బ్యాంకుఋణములు వచ్చినవి. 1976లో గుంటూరు కేంద్రముగ పొగాకు బోర్డు ఏర్పడినది. 1985నుండి ఆంధ్రప్రదేశమున వర్జీనియాకు వేలముపాటలు నడచుచున్నవి. లంకాకు ఈ యేర్పాటులకు వెలియై, దళారి చెప్పిన ధరకే తలయొగ్గుచు వచ్చినది. రాజమహేంద్రవరపు అంగళ్లలో మేము చూచిన చుట్టల కట్టలమీద ఏ లంక ఆకో, ఏ యేటిదో ఒక్క అక్షరమైన లేదు. హైదరాబాదువారు 1916లో వజీరు సుల్తాను స్థాపించిన సంస్థలో తయారైన సిగరెట్టుకు తమ చార్మినారు పేరే పెట్టి దేశమంతట నమ్మిరి. పేరునకు విలువ గలదని వారెరుగుదురు. గోదావరివారు చేతనున్న పేరును ఇసుకలో వదలివేసిరి.

పేరులేని యాకునకు ఏమగునో 2025లో ప్రకాశము, గుంటూరు, బాపట్ల రైతులు చూచిరి. ముందు ఊరించి వేయించిన నల్లబర్లీని కొనువారు వెనుదీయగా ధర కుప్పకూలి, కడకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలునకు దిగవలసివచ్చినది. రైతు యింటిముందు బేళ్లకు గట్టిన తగ్గింపు వేరు, బాచుపల్లి గాజుబీరువాకు గట్టిన తగ్గింపు వేరు. మొదటిదానికి చీటి యుండదు.

పొగాకు విషమని మాకు తెలియదా, దాని పేరుకొరకు ఇంత విలాపమేల యని కొందరు చదువరులు ఆక్షేపింతురు. ఆ మాట కాదనము. చుట్టపొగ ఊపిరితిత్తులలోనికి పీల్చకున్న హాని లేదను భ్రాంతి కొందరికి గలదు. అది యబద్ధము, నోటిలో నిలిచిన పొగయే నోటికిని గొంతుకకును పుండు తెచ్చును. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరమున పేదస్త్రీలు నిప్పుకొసను నోటిలో నుంచికొని అడ్డపొగ కాల్చుటచేత అంగిట క్యాన్సరు పుట్టుచున్నదని 1957 నాటికే వైద్యులు ప్రకటించియుండిరి. మానగలిగినవారు మానుటయే మేలు. అయితే విషమైనదానికే పెట్టెపై వ్రాత మరింత యవసరము గదా? మందుల కర్మాగారములు నిండిన బాచుపల్లిలో, ఒక మాత్ర పొట్లముపై తయారైన నెల, చెల్లు నెల, తయారీచోటు ముద్రింపక బయటికి పంపిన ఊరుకొందురా? ప్రక్కవీథిలోనే ఊరు, పేరు, యేడు లేని పొగాకును సగము ధరకిచ్చుచుండగా అడుగువారు లేకపోవుట వింతగ నున్నది.

కావున తూనికలు కొలతల శాఖవారును, కస్టమ్సువారును ఈ యంగళ్ల బీరువాలను ఒకసారి తెరచి చూడవలెనని కోరుచున్నాము. విద్యాలయములకు నూరు గజములలోపల పొగాకు అమ్మరాదని చట్టమున్నది. కళాశాలలు క్రిక్కిరిసిన యీ మండలమున ఆ గజములను కొలుచుటకు ఒక టేపు చాలును. రాజమహేంద్రవరమున 1947నుండి పొగాకుపై పరిశోధనలు సాగించిన సంస్థ గలదు. లంకాకు గుణములు ఆ పండితులకు కరతలామలకములు. చుట్టలవారికిని, లంకరైతులకును వారు మధ్యవర్తులై, ప్రతికట్టపై లంకపేరును, పంటయేడును, హెచ్చరికయు ముద్రింపజేయుటకు ఖర్చు కొద్దిపాటిది. ఇకముందు సగము ధర పెట్టెను చేతబట్టిన పాఠకులు మూల్యము చెల్లించుటకు ముందు దానిని వెనుకకు త్రిప్పి చూతురుగాక. దిగుమతిదారు పేరు లేనిచో అచ్చటనే విడిచిరావలెను. మిగిలిన మా మూడు చుట్టలును పెట్టెతోగూడ మాయొద్దనే యున్నవి. అధికారులు కోరిన పంపగలము.