స్కేల్ కాని వాళ్ళకి ఒక దండం

మన కాలేజీలో ఎవరు ఏ ఐడియా చెప్పినా ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "ఇది స్కేల్ అవుతుందా?" స్టార్టప్ పోటీల్లో అడుగుతారు, ప్రాజెక్ట్ రివ్యూలో అడుగుతారు, చివరికి క్యాంటీన్‌లో టీ తాగుతూ మన ఫ్రెండ్సే అడుగుతారు. లక్షమందికి అమ్మగలిగితే అది ప్రోడక్ట్. యాభైమందికే అయితే "హాబీలే" అని పక్కన పెట్టేస్తాం. ఈ కొలబద్ద అన్నిచోట్లా పనికిరాదని నా వాదన. సాక్ష్యంగా ఒక వాయిద్యాన్నీ, దాన్ని తయారుచేసే కొద్దిమందినీ మీ ముందుకు తెస్తున్నాను.

ఆ వాయిద్యం పెడల్ స్టీల్ గిటార్. పేరు వినకపోయినా శబ్దం వినే ఉంటారు. అమెరికన్ కంట్రీ పాటల్లో గాయకుడి వెనకాల ఎవరో సన్నగా ఏడుస్తున్నట్టు, ఒక స్వరం కరిగి ఇంకో స్వరంలోకి జారిపోతున్నట్టు వినపడుతుందే, అదే. 1970లో వచ్చిన 'టీచ్ యువర్ చిల్డ్రన్' పాట ఒక్కసారి పెట్టుకుని వినండి. అందులో మొదటి క్షణం నుంచీ జారే ఆ గిటార్ జెర్రీ గార్సియా వాయించిన పెడల్ స్టీల్.

చూడ్డానికి ఇది గిటార్‌లా ఉండదు. నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన సన్నని బల్లలా ఉంటుంది. పైన పది తీగలు. కింద పెడల్స్, మోకాళ్ళతో పక్కకి నెట్టే లివర్లు. ఎడమచేతిలో నున్నటి ఇనుప కడ్డీ, కుడిచేతి వేళ్ళకి మీటే గోళ్ళు. ఎడమకాలు పెడల్స్ మీద, కుడికాలు వాల్యూమ్ పెడల్ మీద, రెండు మోకాళ్ళూ లివర్ల మధ్య. వాయించేవాడి ఒంట్లో ఖాళీగా ఉండేది తలకాయ ఒక్కటే అనుకుంటాం గానీ, అసలు శ్రమంతా దానిదే.

వీణ తెలిసినవాళ్ళకి దీని సంగతి తేలిగ్గా చెప్పొచ్చు. వీణలో మెట్టు మీద తీగని పక్కకి లాగితే స్వరం పైకి పోతుంది, గమకం పుడుతుంది. పెడల్ స్టీల్‌లో ఆ లాగే పని కాలు చేస్తుంది. పైగా పది తీగల్లో కావలసిన ఒకటో రెండో తీగలే కదులుతాయి, మిగతావి ఉన్నచోటే మోగుతుంటాయి. ఒక కార్డ్‌లో రెండు స్వరాలు నిలబడి ఉంటే మూడోది వాటి మధ్యనుంచి నడిచివెళ్ళినట్టు ఉంటుంది. ఆ గుండె పిండే శబ్దం అక్కణ్ణుంచే వస్తుంది.

ఇక మన సబ్జెక్ట్‌లోకి వద్దాం. తీగ ఫ్రీక్వెన్సీ దాని బిగువుకి వర్గమూలంగా మారుతుందని ఇంటర్‌లోనే చదివాం. దాని ప్రకారం స్వరం ఒక సెమీటోన్ పెరగాలంటే బిగువు 12 శాతం, రెండు సెమీటోన్లు పెరగాలంటే 26 శాతం పెరగాలి. 'ఇ9' అనే ప్రామాణిక శ్రుతిలో మొదటి పెడల్ తొక్కితే 5వ తీగ, 10వ తీగ రెండూ 'బి' నుంచి 'సి షార్ప్'కి, అంటే రెండు సెమీటోన్లు పైకి వెళ్ళాలి. రెండో పెడల్ 3వ, 6వ తీగల్ని ఒక్క సెమీటోన్ పైకి లాగాలి. తొక్కిన ప్రతిసారీ సరిగ్గా అక్కడికే వెళ్ళాలి, వదిలిన ప్రతిసారీ సరిగ్గా మొదటికే రావాలి.

ఈ "సరిగ్గా" దగ్గరే కథంతా ఉంది. 24 అంగుళాల పొడవుతో 0.014 అంగుళాల స్టీల్ తీగని 330 హెర్ట్జ్ దగ్గర మోగించాలంటే దాదాపు 13 కిలోల బిగువు కావాలి. కాయితం మీద లెక్కేసి చూడండి, వచ్చేస్తుంది. ఇలాంటివి పది, అంటే గిటార్ ఒంటి మీద ఎప్పుడూ నూరు కిలోలు దాటిన లాగుడు. ఇప్పుడు ఒక పెడల్ తొక్కారు, రెండు తీగలు ఇంకా బిగిశాయి, ఆ భారానికి చెక్క వెంట్రుకవాసి వంగింది. వంగితే మిగతా ఎనిమిది తీగలూ కాస్త వదులవుతాయి. 13 కిలోల్లో 75 గ్రాములు తగ్గితే చాలు, స్వరం 5 సెంట్లు దిగుతుంది, అంటే సెమీటోన్‌లో ఇరవయ్యో వంతు. మంచి చెవి ఉన్నవాడు దాన్ని పట్టేస్తాడు.

అందుకే ఈ గిటార్‌ని తిరగేసి చూస్తే మన మెషిన్ డిజైన్ పుస్తకం విప్పినట్టే ఉంటుంది: పొడుగాటి రాడ్లు, అడ్డంగా తిరిగే షాఫ్టులు, బెల్ క్రాంకులు, స్ప్రింగులు, చివర తీగల్ని పట్టుకుని ఊగే లోహపు వేళ్ళు. ఎక్కడ రాపిడి ఉన్నా, ఎక్కడ సందు వదులైనా అది నేరుగా చెవికి తెలిసిపోతుంది. మన ల్యాబ్‌లో టాలరెన్స్ తప్పితే మార్కులు పోతాయి. ఇక్కడ పాట పోతుంది.

మరి వీటిని ఎవరు చేస్తారు? పెద్ద కంపెనీలు ప్రయత్నించకపోలేదు. 1940 ప్రాంతంలోనే గిబ్సన్ 'ఎలక్ట్రాహార్ప్' చేసింది. ఫెండర్ 1957లో కేబుళ్ళతో పనిచేసే '1000' మోడల్ తెచ్చింది. తర్వాత రెండూ మానుకున్నాయి. ఈ వాయిద్యాన్ని నిలబెట్టింది, ముందుకి నడిపింది మాత్రం చిన్న షెడ్లలో పనిచేసిన మనుషులు.

పాల్ బిగ్స్‌బీ సంగతే తీసుకోండి. కాలిఫోర్నియాలో మెషినిస్టు, మోటార్‌సైకిల్ రేసర్, క్రాకర్ మోటార్‌సైకిళ్ళ దగ్గర పనిచేసినవాడు. 1948లో స్పీడీ వెస్ట్ అనే వాద్యకారుడికి పెడల్స్ ఉన్న స్టీల్ గిటార్ చేసిచ్చాడు. ఒక్కొక్కటీ ఆర్డర్ మీదే చేసేవాడు. ఆయన చేసిన గిటారే మరొకటి బడ్ ఐజాక్స్ చేతికొచ్చింది. అప్పటిదాకా పెడల్ అంటే ఒక కార్డ్ నుంచి ఇంకోదానికి శ్రుతి మార్చుకునే సాధనం. ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కాడు. వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' పాటలో, 1954లో, ఆ జారుడు దేశమంతా వింది. దాంతో స్టీల్ గిటారిస్టులందరికీ తమ గిటార్‌కి పెడల్స్ కావలసి వచ్చాయి.

తర్వాత బడ్డీ ఎమ్మన్స్. ఇరవై ఏళ్ళ కుర్రాడు, అంటే మన వయసువాడే, షాట్ జాక్సన్ అనే ఇంకో వాద్యకారుడితో కలిసి నాష్‌విల్ పక్కన గరాజ్‌లో గిటార్లు చేయడం మొదలుపెట్టాడు. ఇద్దరి పేర్లూ కలిపి 'షో-బడ్' అని పెట్టుకున్నారు. ఐజాక్స్ ఒక్క పెడల్‌తో చేసిన మార్పుని రెండు పెడల్స్‌గా విడగొట్టింది ఎమ్మన్సే. నేటికీ ప్రామాణికం అదే. 1960ల్లో బయటికొచ్చి రాన్ లాష్లీతో కలిసి తన పేరుతోనే ఇంకో కంపెనీ పెట్టాడు. వాళ్ళు చేసిన 'పుష్-పుల్' గిటార్లని శ్రుతి చేసుకోవడం ప్రాణాంతకం. అయినా ఆ నాదం కోసం ఇప్పటికీ వెతుక్కుని మరీ కొంటారు. మోకాలి లివర్ల విషయంలో జేన్ బెక్ పేరు ముందుగా చెబుతారు, ఆయనా వాయించేవాడే, చేసేవాడే. ఫెండర్‌లో 'స్టార్‌క్యాస్టర్' గిటార్ డిజైన్ చేసిన జీన్ ఫీల్డ్స్ తర్వాత సొంతంగా 'జి.ఎఫ్.ఐ.' పేరుతో పెడల్ స్టీల్స్ చేశాడు. మల్లెన్ గిటార్లు కొలరాడో రాష్ట్రంలో ఫ్లాగ్లర్ అనే చిన్న ఊరి నుంచి వస్తాయి.

ఈ పేర్లన్నీ వరసగా ఎందుకు చెప్పానంటే, ఇందులో ఒక విషయం కనపడుతుంది. ఈ వాయిద్యంలో వచ్చిన ముఖ్యమైన మార్పులు చాలావరకు వాయించేవాడికీ చేసేవాడికీ మధ్య దూరం లేనిచోటే పుట్టాయి. ఎన్నోసార్లు ఇద్దరూ ఒకే మనిషి. వాయించేవాడు "ఈ లివర్ గట్టిగా ఉంది, పాట మధ్యలో మోకాలు అందట్లేదు" అంటే, చేసేవాడు వారంలో మార్చేస్తాడు. మనం స్లైడ్ల మీద "యూజర్ ఫీడ్‌బ్యాక్" అని రాసుకునేది వాళ్ళకి షెడ్ గుమ్మం దగ్గర జరిగే మాట.

పెద్ద ఫ్యాక్టరీకి ఇది కుదరకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇద్దరు వాద్యకారుల గిటార్లు ఒకేలా ఉండవు. ఒకరికి మూడు పెడల్స్ ఎడమనుంచి కుడికి కావాలి, ఇంకొకరికి సరిగ్గా తిరగేసి కావాలి. లివర్లు ఒకరికి నాలుగు, ఒకరికి అయిదు. ఏ లివర్ ఏ తీగని ఎంత మార్చాలో ఎవరి పట్టిక వాళ్ళది. మనిషి ఎత్తుని బట్టి కాళ్ళ పొడవు, మోకాళ్ళని బట్టి లివర్ల జాగా. దర్జీ కొలతలు తీసుకున్నట్టే. రెడీమేడ్ షర్ట్ సరిపోతుంది గానీ రెడీమేడ్ మోకాలు ఎక్కడ దొరుకుతుంది?

ఇదంతా విని "సరే, కానీ ఇది డబ్బున్నవాళ్ళ ముచ్చట కదా" అని మీరు అనొచ్చు. నిజమే, కొత్తది కొనాలంటే కొన్ని వేల డాలర్లు కావాలి, చాలాచోట్ల ఆర్డరిచ్చి నెలల తరబడి ఎదురుచూడాలి. ఆ ధరలో విడిభాగాలెన్నో, గంటలెన్నో లెక్కేస్తే మాత్రం చేసేవాడికి మిగిలేది ఏమంత కనపడదు. అంతకన్నా బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది: ఆ మనిషి పోతే? అన్నీ అతని తలలోనే ఉంటాయి, అతని బెల్ క్రాంక్ ఇంకొకరి షాఫ్ట్‌కి పట్టదు. షెడ్ మూతపడిన రోజున అతను చేసిన గిటార్లన్నీ ఒక రకంగా అనాథలే. దీనికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. చిన్నగా ఉండటంలో ఉన్న అసలైన ప్రమాదం ఇదే. కానీ దీనికి మందు ఫ్యాక్టరీ పెట్టడం కాదనుకుంటాను. డ్రాయింగులు దాచిపెట్టడం, కొలతలు రాసిపెట్టడం, పక్కన ఒక కుర్రాణ్ణి నిలబెట్టుకుని నేర్పడం. ఈ మూడింట్లో మొదటి రెండూ ఎలా చేయాలో మనకి నాలుగేళ్ళు నేర్పిస్తున్నారు. మూడోదానికి మనమే వెళ్ళి నిలబడాలి.

నిలబడటానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస కర్రని తొలిచి వీణలు చేసే సర్వసిద్ధి కుటుంబాలున్నాయి. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడా లెక్కలన్నీ మనుషుల చేతుల్లో, చెవుల్లో ఉన్నవే. మన మినీ ప్రాజెక్టుల్లో నాలుగో ఏడాది కూడా అదే లైన్ ఫాలోయర్ రోబో చేసే బదులు, ఒక వీణ మెట్ల కొలతలు తీసి, ఆ చేసేవాళ్ళ మాటలు రికార్డు చేసి, శుభ్రమైన డ్రాయింగులు వేస్తే ఎంత బాగుంటుంది! మార్కులు ఎలాగూ అవే వస్తాయి.

మెచ్చుకోవడం అంటే ఫోటోకి లైక్ కొట్టడం కాదని నా ఉద్దేశం. చేసిన పనికి అడిగిన ధర ఇవ్వడం, చేసేంతవరకూ ఆగడం, ఎలా చేశారో అడిగి తెలుసుకోవడం, తెలిసింది ఇంకొకరికి చెప్పడం. డెబ్భై ఏళ్ళుగా పెడల్ స్టీల్ బతికుందంటే, చేసేవాళ్ళతో పాటు ఇలాంటి కొనేవాళ్ళు కూడా ఉండబట్టే.

మెకానికల్ తీసుకుని సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి పోతున్న మిత్రులకి ఒక మాట. పోండి, ఇంట్లో ఈఎమ్ఐలు ఉంటాయి, ఎవరి పరిస్థితి వాళ్ళది. కానీ లేత్ ముందు నిలబడినప్పుడు "దీంతో ఏం చేస్తాంలే" అనిపిస్తే, ఒక మెషినిస్టు దాంతోనే ఓ పాట వినిపించే తీరు మార్చేశాడని గుర్తు చేసుకోండి. ఈసారి ఎవరైనా "ఇది స్కేల్ అవుతుందా?" అని అడిగితే తడబడకండి. "అవ్వదు సార్, కానీ పనిచేస్తుంది, కావలసినవాళ్ళున్నారు" అని చెప్పండి. ఆ జవాబుకి కూడా మార్కులు వేసే రోజు రావాలి.