తోట వదలకుండా చదివే హక్కు రైతుకు కావాలి

నలభై ఏళ్ల ద్రాక్ష రైతుకు ద్రాక్ష శాస్త్రం పద్ధతిగా చదవాలనిపిస్తే మన రెండు రాష్ట్రాల్లో ఏ విశ్వవిద్యాలయం తలుపు తడుతాడు? వ్యవసాయ, ఉద్యాన డిగ్రీలకు ఇంటర్ పాసై ఉండాలి. వయసు 17 నుంచి 22 ఏళ్ల మధ్య ఉండాలి, కొన్ని వర్గాలకు కొద్దిపాటి సడలింపు ఉంటుంది. ఆపైన నాలుగేళ్లు ఊరు వదిలి కాలేజీలో ఉండాలి. వ్యవసాయ కుటుంబాల పిల్లలకు కోటా ఉంది, మంచిదే. కానీ సేద్యం చేస్తున్న మనిషికి అక్కడ చోటు లేదు.

పోనీ దూరవిద్యలో చదువుదామా అంటే, యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనలు ఆ దారి కూడా మూసేశాయి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడని డిగ్రీల జాబితాలో వైద్యం, ఇంజనీరింగ్‌తో పాటు వ్యవసాయాన్నీ, ఉద్యానాన్నీ చేర్చారు. అంటే చదువు కావాలంటే సేద్యం మానాలి, సేద్యం చేస్తే చదువు మానాలి. దీన్ని మనం ఒప్పుకోకూడదు.

మన సంఘ సభ్యుల్లో ద్రాక్ష రైతులు ఇప్పుడు తక్కువే. అయినా ఈ పంటనే ఉదాహరణగా తీసుకుంటున్నాం. తెలివిడి లేకపోతే రైతు ఎంత నష్టపోతాడో, ఆ తెలివిడి రైతుకు అందించే మార్గం ఎలా ఉండాలో రెండూ ఈ పంటలో స్పష్టంగా కనిపిస్తాయి.

మన చేతిలోంచి జారిన పంట

అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పేరు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌కు తెచ్చిన రకం అది. ఇక్కడి నుంచే ఇతర రాష్ట్రాలకు పాకింది. రంగారెడ్డి, మెదక్ జిల్లాల్లో పందిళ్ల నిండా కాసింది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. ఇన్ని ఉండి కూడా ఇవాళ దేశంలో ద్రాక్ష అంటే నాసిక్, సాంగ్లీ పేర్లే చెబుతారు.

నగరం పెరిగి తోటలు ప్లాట్లయ్యాయి, ఇది అందరికీ తెలిసిన కారణం. ఇంకో కారణం కూడా ఉంది. అనాబ్-ఎ-షాహీకి గింజ ఉంటుంది, తొక్క పలచన, దూరప్రయాణానికి ఆగదు, బూజు తెగులుకు తొందరగా లొంగుతుంది. బజారు గింజలేని రకాల వైపు తిరిగినప్పుడు ఆ మార్పును ముందే పసిగట్టి నేర్చుకునే ఏర్పాటు మన రైతులకు లేదు. మహారాష్ట్ర ద్రాక్ష రైతులు 1960లోనే సొంత సంఘం పెట్టుకుని శాస్త్రాన్ని తోట దగ్గరికి లాక్కొచ్చారు. పుణె దగ్గర మాంజరిలో 1997లో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం వచ్చింది. తేడా నేలలో లేదు. శాస్త్రానికీ రైతుకూ మధ్య దూరంలో ఉంది.

అక్కడా సగం చదువే

అయితే నాసిక్ రైతు కష్టాలు తీరిపోయాయని అనడం లేదు. రెండు సంఘటనలు చూడండి.

మొదటిది 2010 నాటిది. మన దేశం నుంచి ఐరోపాకు వెళ్లిన ద్రాక్షలో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అవశేషాలు కిలోకు 0.05 మిల్లీగ్రాముల పరిమితిని మించాయని సరుకు ఆపేశారు. ఎగుమతి కుప్పకూలింది. అది తోటల్లో ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన మందే. ఎందుకు వాడేవారు? మన దగ్గర ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్ ప్రాంతంలో పండు కోసం ఇంకొకటి. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య మొగ్గ లోపల రాబోయే గుత్తి రూపం కడుతుంది. ఆ రోజుల్లో తీగ జోరుగా సాగితే గుత్తి తగ్గుతుంది. ఆ జోరు తగ్గించడానికి ఈ మందు కొట్టేవారు. అదే పనిని చాలావరకు నీళ్లు, నత్రజని తగ్గించి కూడా సాధించవచ్చు. మందు పేరు, మోతాదు చెప్పేవాళ్లు దుకాణంలో దొరుకుతారు. మొగ్గలో ఏం జరుగుతుందో, ఆ మందు చెట్టులో ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేది చదువే.

రెండోది వైన్ ద్రాక్ష కథ. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో వైన్ విధానం ప్రకటించి, వించూర్‌లో, పలూస్‌లో వైన్ పార్కులు పెట్టింది. రైతులు ఒప్పందాల మీద కాబర్నే, షిరాజ్, షెనిన్ బ్లాంక్ వంటి రకాలు వేశారు. 2008 చివర ఆర్థిక మాంద్యం, ముంబై దాడుల తర్వాత హోటళ్లలో గిరాకీ పడిపోయింది. ట్యాంకుల్లో వైన్ నిలిచిపోయింది. కొంటామన్నవాళ్లు వెనక్కి తగ్గారు. వైన్ ద్రాక్ష చిన్న పండు, గింజ ఎక్కువ, తొక్క మందం. తినే ద్రాక్షగా మండీలో అమ్ముడుపోదు. చాలామంది తీగలు పీకేశారు.

పండించడం వాళ్లకు బాగానే వచ్చు. పిండిన తర్వాత ఏం జరుగుతుందో తెలిసింది కొనేవాళ్లకే. ఎన్ని లీటర్లు తయారవుతుంది, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, బజారు ఎంత, ఆ లెక్కంతా అటువైపే ఉంది. రెండో సగం చదువు లేనివాడు ఒప్పందం కాగితం మీద సంతకం చేయగలడు గానీ దాన్ని తూచలేడు.

గేటు దగ్గర జరిగేదీ అంతే. వైన్ ద్రాక్షకు ధర కట్టేది తీపి, పులుపు, పీహెచ్ చూసి. తినే ద్రాక్ష 16–18 బ్రిక్స్ ఉంటే కోస్తారు. వైన్‌కు 22–24 అడుగుతారు. పండు ముదిరేకొద్దీ తీపి పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. కోత ముందు వాన పడితే తీపి పలచబడుతుంది. బ్రిక్స్ చూసే చేతి మీటరు రెండు బస్తాల డీఏపీ ధర దాటదు. కానీ ఎక్కడి పండు తీసి చూడాలి? ఎండవైపు గుత్తి ఒక అంకె చెబుతుంది, నీడవైపుది ఇంకో అంకె. గుత్తి భుజం మీది పండు, కొస పండు ఒకటి కావు. తోటంతా తిరిగి వందకు తగ్గకుండా పండ్లు ఏరి, కలిపి పిండి చూస్తేనే నిజం తెలుస్తుంది. ఇది తెలిసిన రైతు కోత వేసేవాడిని నిలదీయగలడు. తెలియని రైతు తరుగు భరించాల్సిందే. పత్తిలో తేమ శాతం, వడ్లలో తాలు, పాలలో వెన్న శాతం దగ్గర మనం రోజూ పడుతున్నది ఇదే కదా!

సేద్యం చేస్తూ చదివిస్తున్న చోటు

ఆస్ట్రేలియాలో వాగ్గా వాగ్గా అనే పట్టణం ఉంది. చుట్టూ వ్యవసాయ ప్రాంతం. అక్కడి కాలేజీలో 1970ల మధ్యలో వైన్ శాస్త్రం కోర్సు మొదలైంది. ఆ కాలేజీయే తర్వాత చార్లెస్ స్టర్ట్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. ద్రాక్ష సాగు, వైన్ శాస్త్రం అక్కడ దూరవిద్యలో, పార్ట్‌టైమ్‌గా చదవవచ్చు. తోటల్లో, వైన్ తయారీ కేంద్రాల్లో పనిచేస్తున్నవాళ్లే చాలామంది చేరతారు. పూర్తికాలం విద్యార్థికి పట్టే దానికి దాదాపు రెట్టింపు కాలం పడుతుంది. పాఠాలు ఇంటి దగ్గర చదువుకుంటారు. ప్రయోగాల కోసం కొన్ని రోజులు విశ్వవిద్యాలయానికి వచ్చి ఉండి, నేల పరీక్ష, తెగుళ్ల గుర్తింపు, ఈస్ట్ పని, రుచి పరీక్ష చేతులతో చేసి వెళతారు. చివరికి చేతికొచ్చేది డిగ్రీయే, ఉత్త సర్టిఫికెట్ కాదు.

మన రైతులను ఆస్ట్రేలియా పొమ్మని చెప్పడం లేదు. ఆ ఫీజులు మనం మోయలేనివి. ఆ పాఠాలు కూడా ఉన్నవి ఉన్నట్టు మనకు సరిపోవు. అక్కడ చలికి తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది, ఏడాదికి ఒకటే కత్తిరింపు. మన తీగకు నిద్ర లేదు. కాబట్టి పాఠ్యపుస్తకం ఇక్కడే, తెలుగులోనే తయారు కావాలి. మనం తెచ్చుకోవాల్సింది ఆ పద్ధతిని.

నిజానికి ఈ పద్ధతి మనకు కొత్త కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. నాసిక్‌లోని యశ్వంతరావు చవాన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం రైతుల కోసం మరాఠీలో వ్యవసాయ కోర్సులు నడిపింది.

రెండు అభ్యంతరాలు

ప్రయోగాలు లేకుండా వ్యవసాయ డిగ్రీ ఎలా ఇస్తారని యూజీసీ వైపు వాదన. అది తీసిపారేసే వాదన కాదు. డబ్బు కట్టినవాడికల్లా పట్టా చేతిలో పెట్టే దుకాణాలను మనమూ చూశాం. వాటిని మూయాల్సిందే. కానీ దొంగ దుకాణాల కోసం రైతు దారి మూయడం ఏం న్యాయం? ప్రయోగాలకు క్యాంపస్‌కు రప్పించండి, హాజరు కఠినంగా చూడండి, పరీక్ష గట్టిగా పెట్టండి. తోట ఉన్నవాడికి ప్రయోగశాల లేదని మాత్రం అనకండి.

రెండో అభ్యంతరం మన ఇళ్లలోంచే వస్తుంది. వైన్ అంటే మద్యమే కదా, రైతు సంఘం దాని చదువు అడగడమేంటని. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం మన పల్లె ఆడవాళ్లది. ఆ ఉద్యమానికి మచ్చ తెచ్చే పని మనం చేయం. వైన్ షాపులు పెంచమని అడగం. ఖజానా నింపుకోవడానికి ఊరూరా మద్యం అమ్మే ప్రభుత్వాల మీద మన మాట మారదు. అడుగుతున్నది శాస్త్రం. పండు ముదురు, పులియడం, నిల్వ, శుభ్రత తెలిపే ఆ శాస్త్రమే ఎండుద్రాక్షకూ, రసానికీ, వెనిగర్‌కూ పనికొస్తుంది. మామిడి గుజ్జు దగ్గరా, టమాటా దగ్గరా మనం ఓడిపోతున్నది కూడా ఇక్కడే. పంట రైతుది, పంట తర్వాతి తెలివి కంపెనీది అన్న పంపకాన్ని మార్చడమే మన ఉద్దేశం.

మన డిమాండ్లు

1. సేద్యం చేస్తున్నవారికి వ్యవసాయ, ఉద్యాన డిగ్రీలు పార్ట్‌టైమ్‌గా చదివే అవకాశం ఇవ్వాలి. అందుకు యూజీసీ తన నిబంధనను సవరించాలి. పాఠం ఇంటి దగ్గర, ప్రయోగం క్యాంపస్‌లో అన్నది షరతుగా పెట్టాలి.

2. వీరికి వయోపరిమితి ఉండకూడదు. పట్టాదారు పాసుపుస్తకం ఉంటేనే రైతు అనకూడదు. కౌలు రైతులు, పేరు మీద భూమి లేని మహిళా రైతులు, తోటల్లో గుత్తులు పలచన చేసే కూలీలు కూడా అర్హులే.

3. చదువు మెట్లుగా ఉండాలి. సర్టిఫికెట్ చదివినది డిప్లొమాలో, డిప్లొమా చదివినది డిగ్రీలో కలవాలి. మధ్యలో ఆపినవాడు చదివింది వృథా కాకూడదు.

4. క్యాంపస్ తరగతులు పంట పనులను బట్టి పెట్టాలి. ద్రాక్ష రైతును అక్టోబర్ కత్తిరింపు రోజుల్లో, ఫిబ్రవరి, మార్చి కోతల్లో రమ్మనకూడదు.

5. బోధన, పరీక్ష తెలుగులో జరగాలి. రాజేంద్రనగర్ వంటి పరిశోధన కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు అభ్యాస కేంద్రాలు కావాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఊరికే కూర్చోనక్కర్లేదు. ప్రతి మండల శాఖ ఒక చదువు బృందాన్ని పెట్టుకోవచ్చు. బ్రిక్స్ మీటరు, తేమ మీటరు ఉమ్మడిగా కొనుక్కోవచ్చు. సరుకు గేటు దగ్గరికి వెళ్లకముందే మన అంకె మనమే రాసుకుని వెళ్లాలి. అంకె మన దగ్గర ఉన్న రోజున బేరం మొదలుపెట్టేది మనమే.