మొలలే అని ఊరుకోవద్దు

మలంలో రక్తం కనబడితే మొలలేనని మనం ఊరుకుంటాము. ఒక్కొక్కసారి అది పెద్దప్రేగు క్యాన్సరు కావచ్చును.

ఈ జబ్బు ఒక్క రోజులో రాదు. కణాల పెరుగుదలను అదుపుచేసే ఏ.పి.సి. జన్యువు చెడినప్పుడు ప్రేగు లోపల పాలిప్ అనే చిన్న బుడిపె లేస్తుంది. తరువాత రాస్, పి-53 జన్యువులు కూడా చెడితే ఆ బుడిపే క్యాన్సరుగా మారవచ్చును. ఈ క్రమాన్ని 1990లో అమెరికా శాస్త్రజ్ఞులు ఫియరన్, వోగెల్‌స్టీన్ వివరించారు. ఇందుకు సాధారణంగా 10 ఏండ్లకు పైగా పడుతుంది. ఆలోగా కొలనోస్కోపీ పరీక్షలో బుడిపెను కనుగొని తీసివేయవచ్చును.

ఇది శాపమూ కాదు, అంటువ్యాధీ కాదు. అయితే కొన్ని కుటుంబాలలో ఈ జన్యులోపం తరతరాలుగా వస్తుంది. కనుక తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని ఈ జబ్బు వచ్చియుంటే, సిగ్గుపడక డాక్టరుగారితో చెప్పవలెనని మేము మనవి చేస్తున్నాము.