కిడ్నీ తొలగింపు: ‘ఒక్కటి చాలు’ అన్న మాట తర్వాత చెప్పాల్సినవి

కిడ్నీ తీసేయాలని వైద్యులు చెప్పగానే కుటుంబం అడిగే మొదటి ప్రశ్న, ‘ఒక్కదానితో బతకవచ్చా?’ అని. బతకవచ్చు. 1869లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ అనే శస్త్రవైద్యుడు ముందు కుక్కలపై ప్రయోగించి చూసి, తర్వాత ఒక మహిళకు కిడ్నీ తొలగించారు. ఆమె కోలుకుంది. నూట యాభై ఏళ్లు దాటినా ఆసుపత్రుల్లో సంభాషణ తరచూ ఆ ‘చాలు’ దగ్గరే ఆగిపోతోంది.

కోల్‌కతాలో ఇది మరింత ముఖ్యం. తూర్పు రాష్ట్రాల అవయవ మార్పిడిని సమన్వయపరిచే ‘రోట్టో’ అక్కడి ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రిలోనే ఉంది. బిహార్, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల నుంచి, బంగ్లాదేశ్ నుంచి రోగులు ఆ నగరానికి వస్తారు. రెండు మూడు గంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకూ పెద్ద వైద్యమంటే కోల్‌కతానే. ఇన్ని భాషలు కలిసే చోట, సంతకానికి ముందు పెట్టిన కాగితం రోగికి అర్థమైందో లేదో ఎవరు చూడాలి?

చట్టం ప్రకారం వైద్యుడే. 1994 అవయవ మార్పిడి చట్టంలోని 12వ సెక్షన్, అవయవం తీయడం వల్ల రాగల ఫలితాలు, చిక్కులు, ప్రమాదాలన్నీ దాతకు వివరించాకే శస్త్రచికిత్స చేయాలంటుంది. రోగులందరి విషయంలోనూ ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ముప్పులు చెప్పి తీసుకున్నదే అసలైన సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది.

ప్రత్యామ్నాయం అన్నది ఉత్తమాట కాదు. క్యాన్సర్ గడ్డ నాలుగు సెంటీమీటర్ల లోపు ఉంటే, చాలా సందర్భాల్లో గడ్డను మాత్రమే తీసి కిడ్నీని కాపాడవచ్చు. ఆ అవకాశం ఉందా అని రోగి తప్పక అడగాలి. ఏళ్ల తరబడి రాయి అడ్డుపడి పూర్తిగా పాడైన కిడ్నీకి మాత్రం తొలగింపే దారి కావచ్చు.

1990లో మొదలైన లాప్రోస్కోపీ పద్ధతిలో పొట్టకు మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కార్బన్ డయాక్సైడ్ నింపి, కిడ్నీని పొత్తికడుపు దగ్గర చిన్న కోత గుండా బయటికి తీస్తారు. మెలకువ వచ్చాక భుజం నొప్పి పుడితే చాలామంది గుండెపోటని హడలిపోతారు. లోపల మిగిలిన గ్యాస్ ఉదరవితానాన్ని రాపాడించడం వల్ల వచ్చే నొప్పి అది. రెండు మూడు రోజుల్లో పోతుంది. ఒకట్రెండు రోజులు మూత్రానికి గొట్టం ఉంటుంది. మర్నాడే నడిపిస్తారు. దగ్గేటప్పుడు పొట్టకు దిండు అదుముకుంటే హాయి. మామూలు పనులకు మూడు నాలుగు వారాలు, పక్కటెముకల కింద పెద్ద కోత పెడితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. నీళ్ల బిందెలు, గ్యాస్ సిలిండర్లు ఆ రోజుల్లో వేరెవరైనా ఎత్తాలి.

మిగిలిన కిడ్నీ కాస్త పెరిగి, మునుపు రెండూ కలిసి చేసిన పనిలో సుమారు 70 శాతం చేయగలుగుతుంది. అందుకే క్రియాటినిన్ కొద్దిగా పెరిగి, ల్యాబ్ రిపోర్టులో గీత దాటినట్టు కనిపించవచ్చు. ఇది ముందే తెలిస్తే కంగారుండదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను మందుల షాపులో అడిగి కొనుక్కునే అలవాటు మాత్రం మానుకోవాలి.

దాతల సంగతి వేరుగా చెప్పుకోవాలి. వారికి ఏ జబ్బూ లేదు. వేరొకరి కోసం కోత పడుతుంది. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది మహిళలు, పుచ్చుకునేవారిలో ఎక్కువమంది పురుషులు. అమెరికాలో 2010లో వెలువడిన అధ్యయనం ప్రకారం శస్త్రచికిత్స తర్వాత 90 రోజుల్లో మరణించినవారు పదివేల మంది దాతల్లో ముగ్గురు. జీవితకాలంలో కిడ్నీ పూర్తిగా చెడిపోయే ముప్పు పదివేల మందిలో దాతలకైతే 90, అంతే ఆరోగ్యంగా ఉన్న ఇతరులకైతే 14 అని 2014 అధ్యయనం అంచనా వేసింది. ముప్పు తక్కువే, కానీ సున్నా కాదు. భర్తకో కొడుకుకో ఇవ్వడానికి సిద్ధపడ్డ స్త్రీకి ఈ అంకెలు ఆమె భాషలో, బంధువులు పక్కన లేనప్పుడు చెప్పాలి. వద్దనే వీలు ఆమెకు నిజంగా ఉండేది అప్పుడే.

డిశ్చార్జి కాగితంలో కుట్లు విప్పే తేదీతో పాటు మరో వరుస ఉండాలి: ఏటా రక్తపోటు, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు. వీటికి కోల్‌కతా వెళ్లనక్కర్లేదు. ఖరగ్‌పూర్‌లో ఇంటి దగ్గరి ల్యాబ్‌లోనే అయిపోతాయి.