శ్రుతి తప్పడం ఆత్మ కాదు

పాత అనలాగ్ సింథసైజర్ల గురించి రాసేవాళ్ళకి ఒక అలవాటుంది. యంత్రం శ్రుతిలో నిలబడకపోతే "దానికి ప్రాణం ఉంది" అంటారు. నిలబడితే "బానే ఉంది గానీ జీవం లేదు" అంటారు. ఆ తర్వాత ఒక పట్టిక వేస్తారు. బహుముఖత్వానికి పదికి తొమ్మిది, నమ్మకానికి పదికి ఆరు. ఇంటర్ మార్కుల మెమోలో లెక్కలూ ఇంగ్లీషూ వేర్వేరు గడుల్లో ఉన్నట్టు, ఒకదాంతో ఒకదానికి సంబంధమే లేనట్టు.

నా పేచీ ఆ రెండు గడులతోనే. నమ్మకంగా నిలబడని వాయిద్యానికి బహుముఖత్వం ఉండదు. ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే.

1970లో వచ్చిన మినీమూగ్‌నే తీసుకోండి. మూడు ఆసిలేటర్లు, తిరుగులేని ఫిల్టర్, ముందు పలక నిండా నాబ్‌లు. ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది గానీ, ఆ ఒక్క స్వరాన్ని ఎన్ని రకాలుగానైనా మలచుకోవచ్చు. అందుకే ఏ పోలికలోనైనా దానికి మంచి మార్కులు పడతాయి. కానీ దానికి జ్ఞాపకశక్తి లేదు. నిన్న చేసుకున్న శబ్దం ఇవాళ కావాలంటే ఏ నాబ్ ఎక్కడుందో కాగితం మీద రాసుకుని, మళ్ళీ చేత్తో తిప్పుకోవాల్సిందే. స్టూడియోలో ఇది సరదాగానే ఉంటుంది. వేదిక మీద రెండు పాటల మధ్య అర నిమిషంలో ఎన్ని నాబ్‌లు తిప్పుతారు? ఆ అర నిమిషంలో చేరుకోగలిగినన్నే దాని శబ్దాలు. మిగతా బహుముఖత్వమంతా బ్రోషర్‌లో ఉండేది.

ఇక శ్రుతి సంగతి. ఈ యంత్రాల్లో చాలావాటికి ఆక్టేవ్‌కు ఒక వోల్టు లెక్క. ఆ వోల్టును పౌనఃపున్యంగా మార్చే పని ట్రాన్సిస్టర్లది, ట్రాన్సిస్టర్‌కి వేడి పడదు. సరిదిద్దే ఏర్పాటు ఏదీ లేకపోతే, ఒక్క డిగ్రీకి సుమారు 0.33 శాతం తేడా వస్తుంది. చిన్న అంకెలాగే ఉంది కదా? లెక్క వేయండి. ఆక్టేవ్‌కు 1200 సెంట్లు. ఆధార స్వరం నుంచి మూడు ఆక్టేవ్‌లు పైకెళితే డిగ్రీకి 12 సెంట్లు. లైట్ల కింద పెట్టె 10 డిగ్రీలు వేడెక్కితే 120 సెంట్లు, అంటే అర స్వరం దాటిపోయింది. స రి గ మ వాయిస్తున్నామనుకుంటాం, పైకి వెళ్ళేసరికి అది ఇంకేదో. అందుకే ఆనాటి ఇంజనీర్లు వేడితో పాటు మారే రెసిస్టర్లు పెట్టారు. వాద్యకారులు కచేరీకి చాలా ముందే యంత్రాన్ని ఆన్ చేసి వేడెక్కనిచ్చేవారు. వాళ్ళంతా ఏ జబ్బుతో పోరాడారో, దాన్నే ఇవాళ మనం ఆత్మ అని పూజిస్తున్నాం.

యమహా సీఎస్-80 భక్తులు ఇక్కడ అడ్డొస్తారు. రానివ్వండి. 1970ల చివరి నాటి ఆ యంత్రంలో ఎనిమిది గొంతులుంటాయి. మీట నొక్కాక ఇంకా గట్టిగా ఒత్తితే, ఏ వేలి కింద స్వరం ఆ వేలికే స్పందిస్తుంది. 1982 నాటి బ్లేడ్ రన్నర్ సంగీతంలో వాంజెలిస్ చేతిలో అది ఎలా ఏడ్చిందో విన్నవాళ్ళెవరూ దాన్ని తీసిపారేయలేరు. నేనూ పారేయను. కానీ అది సుమారు వంద కిలోల బరువు. వేడికీ, కదలికకీ శ్రుతి మారిపోతుందని పేరుపడ్డది. వాంజెలిస్ దాన్ని తన స్టూడియోలో పెట్టుకుని వాయించాడు. ఆ సంగీతంలో మనల్ని కదిలించింది వేలి ఒత్తిడి, అంటే మనిషి చేసిన పని. గది ఉష్ణోగ్రత చేసిన పని కాదు. ఈ రెంటినీ కలిపేసి "అనలాగ్ వెచ్చదనం" అని ఒకే చీటీ అంటించడం విమర్శ కాదు, బద్ధకం.

1978లో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ ప్రాఫెట్-5 తెచ్చింది. ఐదు గొంతులు, లోపల జెడ్80 మైక్రోప్రాసెసర్, 40 శబ్దాలు దాచుకునే జ్ఞాపకం. నాబ్ ఎక్కడుందో ప్రాసెసర్ అంకెగా చదివి దాచుకుంటుంది, బటన్ నొక్కితే ఆ అంకెను మళ్ళీ వోల్టేజీగా మార్చి ఇస్తుంది. శ్రుతి సరిచేయడానికి కూడా ఒక బటన్ ఉంది. శబ్దం వచ్చే దారి మాత్రం అనలాగే. మొదటి రెండు రూపాల్లోని ఎస్ఎస్ఎమ్ చిప్‌లు నిలకడ లేక ఇబ్బంది పెడితే, మూడో రూపంలో కర్టిస్ చిప్‌లకు మారారు. "మొదటిదాని శబ్దమే వేరు" అని అప్పటినుంచీ ఒక వర్గం పాడుతూనే ఉంది.

2020లో వచ్చిన నాలుగో రూపంలో ఈ తగువుకి కంపెనీయే ఒక నాబ్ పెట్టేసింది. పేరు వింటేజ్. తిప్పేకొద్దీ గొంతుల మధ్య తేడాలు పెరుగుతాయి, యంత్రం పాత రూపాలలాగా కాస్త వణుకుతుంది. మా వృత్తిలో "అది బగ్ కాదు, ఫీచర్" అనేది పాత జోకు. ఇక్కడ ఆ జోకుకి అమ్మకపు ధర కూడా పడింది. చూశారా, లోపమే అందం అని ఒప్పుకున్నట్టే కదా అంటారు. సరిగ్గా తిరగేసి చూడండి. ముందు యంత్రం స్థిరంగా నిలబడటం నేర్చుకుంది. ఆ తర్వాతే వణుకు వాయించేవాడి చేతికొచ్చింది. కావాలంటే పెంచుకుంటాడు, వద్దంటే తగ్గించుకుంటాడు. నమ్మకం వచ్చాకే వణుకు కూడా ఒక శబ్దంగా పనికొచ్చింది.

ఇది మనకు తెలియని విషయమేం కాదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే జీవాళి దారం ఉంది చూడండి, దాని పేరులోనే జీవం ఉంది. ఆ దారాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, తీగ ఝుమ్మనే చోట ఆపుతారు. అది శుద్ధమైన శబ్దం కాదు, కావాలని చేసుకున్న ఒరిపిడి. కానీ ఆ దారం సర్దేముందు తీగను శ్రుతి చేస్తారు. శ్రుతి జారిన తంబురా పక్కన కూర్చుని "ఆహా, ఎంత ప్రాణం" అన్న గాయకుడిని చూపించండి, ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

రోలాండ్ జూనో సంగతి ఇంకా అన్యాయం. జూనో-60, 106లలో ఆసిలేటర్‌కి సమయం చెప్పేది డిజిటల్ గడియారం. తరంగాన్ని చేసేదీ, వడపోసేదీ అనలాగ్ సర్క్యూట్లే. శ్రుతి తప్పదు. ఆ ఒక్క కారణానికే "అసలు అనలాగ్ కాదు" అని పంక్తిలోంచి లేపేశారు. గొంతుకి ఒకటే ఆసిలేటర్ కాబట్టి బహుముఖత్వంలోనూ మార్కులు కోశారు. తీసి, ఆన్ చేసి, వెంటనే పాటలోకి దిగగలిగే గుణానికి ఏ గడిలో మార్కులేస్తారు?

నమ్మకం అంటే శ్రుతి ఒక్కటే అని కూడా నేననను. జూనో-106లో ఫిల్టర్‌నీ శబ్దస్థాయినీ చూసుకునే ప్రత్యేక చిప్‌లు ఏళ్ళు గడిచాక పాడవడం పేరుమోసిన జబ్బు. అటు మినీమూగ్ విడిభాగాలతో కట్టింది కాబట్టి, సోల్డరింగ్ తెలిసినవాడు ఇవాళ్టికీ చాలావరకు బాగుచేయగలడు. శ్రుతి నిలకడ, జ్ఞాపకం, మరమ్మతు మూడూ మూడు వేర్వేరు నమ్మకాలు. వీటిని కలిపి "పదికి ఆరు" అనడం ఏ రకం కొలత?

బహుముఖత్వానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఒక బీద యంత్రం. టీబీ-303, బేస్ గిటారిస్టు లోటు తీర్చడానికి రోలాండ్ చేసిన చిన్న పెట్టె. ఒక ఆసిలేటర్, రెండు తరంగ రూపాలు, ఒక ఫిల్టర్. హిందీ సినిమా రికార్డింగుల్లో గిటార్ వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో దాన్ని టీఆర్-808 డ్రమ్ మెషీన్‌తో నడిపించి, జూపిటర్-8 మీద పది రాగాలు వాయించి ఒక రికార్డు చేశాడు. స్వరం నుంచి స్వరానికి జారే 303 గుణం రాగాల కింద చక్కగా ఒదిగింది. షికాగో కుర్రాళ్ళు అదే పెట్టెతో ఆసిడ్ హౌస్ పుట్టించడానికి ఇంకా కొన్నేళ్ళు ఉంది. పోలిక పట్టికలో 303కి పదికి మూడు కూడా రావు. కానీ చెప్పిన వరస చెప్పినట్టు, లయ తప్పకుండా గంటలకొద్దీ వాయిస్తుంది. ఆ పట్టుదల మీద నిలబడే అతను తన చేతుల్ని రాగానికి వదిలేయగలిగాడు.

ఇదంతా ఎందుకంటే, ఈ ఆత్మ కబుర్లకి డబ్బు కట్టేవాళ్ళు వేరే ఉన్నారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి గదిలో పాటలు చేసుకునే కుర్రాడు ఇవి చదివి, తన దగ్గరున్న మామూలు కీబోర్డుకి ఆత్మ లేదని నమ్ముతాడు. అప్పుచేసి నలభై ఏళ్ళనాటి పెట్టె తెప్పించుకుంటాడు. అది పాడైతే బాగుచేసే మనిషి కోసం ఊరంతా వెతుకుతాడు. పాట మాత్రం అక్కడే ఆగిపోయి ఉంటుంది.

కాబట్టి సమీక్షకులకి ఒక విన్నపం. మార్కులు ఆపేసి మూడు ప్రశ్నలకి జవాబు రాయండి. నిన్నటి శబ్దం ఇవాళ ఇస్తుందా? ఎండాకాలం మధ్యాహ్నం శ్రుతిలో ఉంటుందా? పాడైతే ఎవరు బాగుచేస్తారు? ప్రాణం సంగతి వాయించేవాడు చూసుకుంటాడు.