ఉత్ప్రేరకము మాఱదా?

ఉత్ప్రేరకము చర్యను త్వరపఱచియు తాను మాఱదని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బాలబాలికలు వల్లింతురు. ఈ నిర్వచనము అబద్ధము గాదు, అసంపూర్ణమని మా యభిప్రాయము. క్షారజలమున విద్యుత్తును పంపి నీటిని విడదీయునపుడు, ఆమ్లజని వెలువడు ధనధ్రువమున నికెలు, ఇనుముల మిశ్రమపు పైపొర ఆక్సీహైడ్రాక్సైడుగా మాఱును. పని నెఱవేర్చునది ఆ క్రొత్త పొరయే. ఈ మార్పును ముందే యెఱిగి లోహములను కూర్చినచో, అరుదైన ఇరిడియము లేకయే ఆమ్లజనిని సులువుగా రాబట్టవచ్చును.

2025 జనవరిలో విశాఖపట్టణము చెంత పూడిమడకలో హరిత ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. అట్టి పనులకు ఱేపు పూనుకొనవలసినవారు మన విద్యార్థులే. కావున వల్లెతో తృప్తిపడక, చర్యకు ముందును పిమ్మటను లోహపు రేకును వారిచే పరీక్షింపజేయవలెను.